నీళ్లు ఒకచోట, జనం ఒకచోట: తరచుగా అడిగే ప్రశ్నలు

ఇల్లు మారాలన్నా, ఊరు మారాలన్నా ముందు ఉద్యోగం చూస్తాం. తర్వాత పిల్లల బడి, అద్దె, ఆసుపత్రి ఎంత దూరమో చూస్తాం. నీళ్ల సంగతి చాలామందికి ఇంట్లో దిగిపోయాక, మొదటి ఎండాకాలంలో గుర్తొస్తుంది. అప్పుడు వచ్చే ప్రశ్నలూ, అంతకంటే ముందే అడగాల్సిన ప్రశ్నలూ ఇక్కడ ఉన్నాయి. కొన్నిటికి రెండు ముక్కల్లో జవాబు సరిపోయింది, కొన్నిటికి కథంతా చెప్పాల్సి వచ్చింది.

ఎప్పుడూ పారే ఏరున్న ఊళ్లోనే ఉండాలన్న పాత మాట ఇప్పటికీ చెల్లుతుందా?

సగమే చెల్లుతుంది. మోటార్లు, పెద్ద పైపులు లేని రోజుల్లో మనిషే నీళ్ల దగ్గరికి పోవాలి. ఈజిప్టులో ఇప్పటికీ దాదాపు 95 శాతం జనం నైలు నదిని అంటిపెట్టుకుని, దేశ భూభాగంలో సుమారు 5 శాతం చోట్లోనే బతుకుతున్నారు. రాత్రిపూట అంతరిక్షం నుంచి తీసిన ఫొటోలో నది ఎటు పోతోందో ఊళ్ల దీపాలే చెప్పేస్తాయి.

అదే అమెరికాలో రెండు నగరాలు చూడండి. డెట్రాయిట్ గ్రేట్ లేక్స్ అనే పెద్ద సరస్సుల చెంతనే ఉంది. ప్రపంచంలో నేల పైన ఉన్న మంచినీళ్లలో దాదాపు ఐదో వంతు ఆ సరస్సుల్లోనే ఉంది. 1950లో డెట్రాయిట్ జనాభా 18 లక్షల పైచిలుకు. 2020 నాటికి 6.4 లక్షలకు దిగిపోయింది. ఏడాదికి 200 మిల్లీమీటర్ల వాన కూడా పడీ పడనట్టుండే ఫీనిక్స్ అదే కాలంలో 1.07 లక్షల నుంచి 16 లక్షలకు పెరిగింది. డెట్రాయిట్ నీళ్లు లేక ఖాళీ అవలేదు, పనులు పోయి ఖాళీ అయింది. ఫీనిక్స్‌కు జనం ఉద్యోగాల కోసం, వెచ్చని చలికాలం కోసం, ఏసీల ధైర్యంతో వచ్చారు. వాళ్ల వెనకాలే కొలరాడో నది నీళ్లు 540 కిలోమీటర్ల కాలువలో వచ్చాయి.

అందుకని ఇప్పుడు ఒక ఊరి గురించి అడగాల్సింది అక్కడ వాన ఎంత పడుతుందని మాత్రమే కాదు. అక్కడి నీళ్లకు పూచీ ఎవరిదో కూడా అడగాలి. కింది జవాబుల్లో చాలావరకు ఈ ఒక్క సంగతి చుట్టూనే తిరుగుతాయి.

అసలు నీళ్లు ఒకచోట అంత ఎక్కువ, ఇంకోచోట అంత తక్కువ ఎందుకు?

గాలులు, కొండలు, సముద్ర ప్రవాహాలు. భూమధ్యరేఖ దగ్గర పైకి లేచిన తేమ గాలి అక్కడే కురిసి, పొడిబారి, ఉత్తరాన దక్షిణాన 30 డిగ్రీల అక్షాంశాల దగ్గర కిందికి దిగుతుంది. పెద్ద ఎడారులు చాలావరకు ఆ పట్టీల్లోనే ఉన్నాయి. కొండకు గాలి తగిలే వైపు వాన పడుతుంది, అవతలి వైపు పొడిగా ఉంటుంది. పెరూ తీరంలో చల్లటి సముద్ర ప్రవాహం వల్ల మబ్బు పడుతుంది గానీ వాన పడదు. లీమా నగరంలో ఆకాశం నెలల తరబడి మసక మసగ్గా ఉంటుంది, గొడుగు అవసరం మాత్రం రాదు.

వాన బాగా పడే చోటికి వెళ్తే నీళ్లకు కొదవ ఉండదు కదా?

ఉంటుంది. ఏడాదికి దాదాపు 11,800 మిల్లీమీటర్ల వాన పడే మేఘాలయలోని మాసిన్‌రామ్, చిరపుంజి ప్రాంతంలో చలికాలం వచ్చేసరికి ఆడవాళ్లు బిందెలు పట్టుకుని ఊటల దగ్గరికి నడవాల్సి వస్తుంది. వానంతా కొన్ని నెలల్లోనే కుమ్మరిస్తుంది. నిటారు కొండలు, పగుళ్లున్న సున్నపురాయి. కురిసిన నీరు కురిసినట్టే పల్లానికి జారిపోతుంది. లండన్‌లో ఏడాది వాన 600 మిల్లీమీటర్లే, కానీ 12 నెలలూ కొంచెం కొంచెంగా పడుతుంది, దాన్ని పట్టి దాచే ఏర్పాటు ఉంది.

ఎంత పడిందన్నది ఒక లెక్క, ఎన్నాళ్లు నిలిచిందన్నది ఇంకో లెక్క. ఇల్లు చూసుకునేవాళ్లకు రెండోదే ముఖ్యం.

దేశాల లోపల నీళ్లకూ జనానికీ ఎంత పొంతన ఉంది?

చాలా చోట్ల లేదు. బ్రెజిల్ మంచినీళ్లలో దాదాపు 70 శాతం అమెజాన్ వైపున ఉంటే, జనంలో పదో వంతు కూడా అక్కడ లేరు. కెనడాలో నదుల నీళ్లు సుమారు 60 శాతం ఉత్తరానికి పోతాయి, జనం మాత్రం దక్షిణపు సరిహద్దు వెంబడి ఉంటారు. పెరూలో సగానికి పైగా జనం పసిఫిక్ తీరం వైపు ఉన్నారు, దేశపు నీళ్లలో ఆ వైపుకు వచ్చేది 2 శాతం దాకానే.

చైనాలో రెండు రకాల తేడాలున్నాయి. 1935లో హూ హువాన్‌యోంగ్ అనే భూగోళ శాస్త్రవేత్త దేశం మ్యాపు మీద ఈశాన్యం నుంచి నైరుతికి అడ్డంగా ఒక గీత గీశారు. ఆ గీతకు తూర్పున ఉన్న, సగానికి తక్కువ నేలలోనే 90 శాతానికి పైగా జనం. ఇన్ని దశాబ్దాలు గడిచినా ఆ లెక్క పెద్దగా మారలేదు, ఎందుకంటే గీత దాదాపుగా వాన పడే నేలను, పడని నేలను విడదీసేదే. కానీ ఆ తూర్పు భాగంలోనే మళ్లీ ఉత్తరానికి జనం, గోధుమ పొలాలు ఎక్కువ, నీళ్లు తక్కువ. దక్షిణానికి నీళ్లు ఎక్కువ. జనాన్ని మార్చే బదులు వాళ్లు నీళ్లను మార్చారు. ఆ సంగతి కింద చెప్తాను.

నీళ్లు లేని చోట జనం అసలు ఎందుకు స్థిరపడతారు?

వేరే ఏదో ఒకటి అక్కడ ఉంటుంది కాబట్టి. రేవు, గని, రాజధాని, రైలు జంక్షన్, సైనిక స్థావరం, ఈమధ్య ఐటీ కంపెనీలు.

పశ్చిమ ఆస్ట్రేలియాలోని కాల్గూర్లీలో 1893లో బంగారం దొరికింది. చుట్టూ ఎడారిలాంటి నేల. వేలమంది వచ్చిపడ్డారు, తాగడానికి నీళ్లు లేవు, టైఫాయిడ్ ప్రబలింది. ఇంజనీరు సి.వై. ఓకానర్ పెర్త్ దగ్గరి కొండల్లో ఆనకట్ట కట్టి, 8 పంపింగ్ స్టేషన్లతో 530 కిలోమీటర్లు నీళ్లు ఎగదోయాలని ప్లాన్ వేశారు. పిచ్చి పని అని పత్రికలు దుమ్మెత్తి పోశాయి. ఆ వేధింపు తట్టుకోలేక 1902లో ఆయన ప్రాణం తీసుకున్నారు. 1903 జనవరిలో నీళ్లు కాల్గూర్లీ చేరాయి. ఆ లైను ఇప్పటికీ పనిచేస్తోంది.

జనం ముందు, నీళ్లు తర్వాత. ఆధునిక నగరాల్లో చాలావాటి వరస ఇదే. ఓకానర్ పైపు నిలబడింది కాబట్టి ఆ ఊరు నిలబడింది. నిలబడని పైపుల ఊళ్ల పేర్లు మనకు గుర్తుండవు.

దూరం నుంచి తెచ్చుకుంటే సరిపోతుంది కదా, ఇంకేం బాధ?

తెచ్చుకునేవాళ్లకు బాధ లేదు. 1913లో లాస్ ఏంజెలెస్ సుమారు 375 కిలోమీటర్ల దూరంలోని ఓవెన్స్ లోయ నుంచి కాలువ తవ్వుకుంది. మోటారు అక్కర్లేకుండా వాలు మీదే నీళ్లు దిగివచ్చాయి. ఇంజనీరింగ్ పరంగా గొప్ప పనే. కానీ 1920లలోనే ఓవెన్స్ సరస్సు ఎండిపోయింది, ఎండిన అడుగు నుంచి ఉప్పు దుమ్ము లేచి లోయలో ఊళ్ల మీద పడింది, దశాబ్దాల తర్వాత ఆ దుమ్ము అణచడానికి నగరమే మళ్లీ డబ్బు పోయాల్సి వచ్చింది.

చైనా ఉత్తరానికి నీళ్లు తెచ్చే మధ్య కాలువ 2014 డిసెంబరులో మొదలైంది. హాన్ నది మీది దాన్‌జియాంగ్‌కౌ జలాశయం నుంచి బీజింగ్ దాకా 1,200 కిలోమీటర్ల పైన. జలాశయం గట్టు ఎత్తు పెంచడానికి 3 లక్షలకు పైగా జనాన్ని ఊళ్లు ఖాళీ చేయించారు. రాజధానిలో కొళాయి తిప్పేవాళ్లకు తమ ఊళ్లో ఉండే అవకాశం మిగిలింది, జలాశయం కింద పోయిన ఊళ్లవాళ్లకు మిగల్లేదు. ‘జనం తమకు నచ్చిన చోట ఉంటారు’ అని తేలిగ్గా అనేస్తాం గానీ, ఒకరికి నచ్చిన చోటు ఇంకొకరు బలవంతంగా వదిలిన చోటు మీద ఆధారపడి ఉండొచ్చు.

ఇక్కడిదాకానే ఉండండి, అవతల నీళ్లు చాలవు అని ప్రభుత్వం గీత గీయొచ్చా?

గీశారు కూడా. దక్షిణ ఆస్ట్రేలియాలో 1860ల మధ్యలో ఘోరమైన కరువు వచ్చింది. 1865లో సర్వేయర్ జనరల్ జార్జ్ గోయ్‌డర్‌ను, కరువు ఎక్కడిదాకా ఉందో తేల్చమని పంపారు. ఆయన గుర్రం మీద తిరిగి, వాన లెక్కలు పెద్దగా లేకపోయినా నేల మీది మొక్కల్ని చూసి గీత పెట్టారు. చిన్న యూకలిప్టస్ చెట్ల పొదలు ఆగిపోయి, ఉప్పు నేలను తట్టుకునే బూడిదరంగు సాల్ట్‌బుష్ మొదలయ్యే చోటు సరిహద్దు. దక్షిణాన గోధుమ వేసుకోవచ్చు, ఉత్తరాన పశువులు మేపుకోవడానికే పనికొస్తుంది. మొక్క వందల ఏళ్ల వానల సగటును తన ఒంట్లో పెట్టుకుని ఉంటుంది, రెండు మంచి ఏళ్లు చూసి మోసపోదు.

మనుషులు మోసపోయారు. 1870లలో వరసగా వానలు బాగా పడ్డాయి. గోయ్‌డర్‌ది వట్టి భయమన్నారు. నాగలి దున్నితే దాని వెనకే వాన వస్తుందన్న మాట అప్పట్లో అమెరికా నుంచి ఆస్ట్రేలియా దాకా తెగ నడిచింది. 1874లో ప్రభుత్వం గీత అవతలి భూముల్నీ సాగుకు తెరిచింది. రైతులు రాతి ఇళ్లు కట్టుకున్నారు, గోధుమ మీద ఆశతో 1878లో ఫరీనా అనే ఊరే పుట్టింది. 1880లలో కరువు తిరిగి రాగానే ఒక్కో కుటుంబమే బండి కట్టుకుని దక్షిణానికి తిరిగొచ్చింది. కప్పు లేని గోడలు, పొగగొట్టాలు ఆ దారిలో ఇప్పటికీ కనిపిస్తాయి. ఫరీనా కూడా అలా మిగిలినదే.

నన్నడిగితే, గోయ్‌డర్ గీత లాంటిది ప్రతి ప్రాంతానికీ ఒకటి ఉండాలి. పాటించడం పాటించకపోవడం తర్వాతి మాట, కనీసం కొనేవాడికి కనబడాలి.

కొన్నిచోట్ల ‘100 ఏళ్ల నీటి హామీ’ ఉంటేనే ఇళ్లకు అనుమతి ఇస్తారట, నిజమేనా?

నిజమే. అమెరికాలోని అరిజోనా 1980 భూగర్భ జల చట్టం ప్రకారం, ఫీనిక్స్ లాంటి ప్రాంతాల్లో ప్లాట్లు వేసి అమ్మేవాళ్లు ఆ ఇళ్లకు 100 ఏళ్లు సరిపడా నీళ్లున్నాయని చూపించాలి. 2023 జూన్‌లో ఆ రాష్ట్ర ప్రభుత్వం, ఫీనిక్స్ చుట్టుపక్కల భూగర్భ జలాన్నే నమ్ముకునే కొత్త లేఅవుట్లకు ఇక హామీ పత్రాలు ఇవ్వబోమని చెప్పేసింది. లెక్క కట్టి చూస్తే 100 ఏళ్లకు నీళ్లు చాలడం లేదు.

చట్టం మంచిదే. దానికో కన్నం ఉంది. స్థలాన్ని ఆరు ముక్కలు, అంతకు మించి చేస్తేనే అది లేఅవుట్ కింద లెక్క. ఐదు, నాలుగు ముక్కలుగా విడదీసి అమ్మితే హామీ చూపించనక్కర్లేదు. స్కాట్స్‌డేల్ నగరం పక్కన రియో వెర్డె ఫుట్‌హిల్స్ అనే చోట ఇలాగే ముక్కలు ముక్కలుగా అమ్మిన స్థలాల్లో వందల ఇళ్లు లేచాయి. కొందరికి బోర్లున్నాయి, మిగతావాళ్ల ఇళ్ల కింద పెద్ద ట్యాంకులు. స్కాట్స్‌డేల్‌లో నింపుకున్న ట్యాంకర్లు వచ్చి వాటిని నింపేవి. కొనేటప్పుడు ఎవరికీ ఇబ్బంది అనిపించలేదు, కొళాయి తిప్పితే నీళ్లొస్తున్నాయి కదా.

కొలరాడో నదిలో నీళ్లు తగ్గడంతో, ఊరి బయటివాళ్లకు ఇవ్వలేమని స్కాట్స్‌డేల్ ముందే నోటీసిచ్చి, 2023 జనవరి 1న ఆపేసింది. ట్యాంకర్లు ఇంకా దూరం పోయి తేవాల్సి వచ్చింది, ఖర్చు రెండు మూడింతలైంది. పెద్ద పెద్ద ఇళ్లున్నవాళ్లు కాగితపు ప్లేట్లలో తిని, వాననీళ్లు బకెట్లలో పట్టి టాయిలెట్లలో పోసుకున్నారు. తర్వాత రాష్ట్రం కలగజేసుకుని తాత్కాలికంగా ఒక ఏర్పాటు చేసింది. అక్కడ కరువు కంటే పెద్ద లోపం, ఆ నీళ్లకు ఎవరూ పూచీ పడి ఉండకపోవడం. నగరం వాళ్లకు అమ్మింది, అంతే. వాళ్లు ఆ నగర పౌరులు కాదు.

నది నీళ్ల మీద రాతపూర్వక ఒప్పందం ఉంటే ధీమాగా ఉండొచ్చా?

ఒప్పందం ఏ ఏళ్ల లెక్కలు చూసి రాశారో చూడాలి. 1922 కొలరాడో ఒప్పందంలో ఎగువ రాష్ట్రాలకు 75 లక్షల ఎకరా-అడుగులు (ఎకరం నేల మీద అడుగు లోతున నిలిచే నీళ్లు ఒక ఎకరా-అడుగు), దిగువ రాష్ట్రాలకు 75 లక్షలు అని పంచారు. అప్పుడు చూసిన ఏళ్లు మామూలుకంటే బాగా తడిగా ఉన్న ఏళ్లు. మెక్సికో వాటా ఆ తర్వాత వచ్చి చేరింది. నదిలో లేని నీళ్లు కాగితం మీద పంచుకుని వందేళ్లుగా తగువులాడుకుంటున్నారు.

నీళ్లు అయిపోతే జనం నిజంగా ఊరు ఖాళీ చేస్తారా?

అనుకున్నంత తొందరగా చేయరు. 2018లో దక్షిణాఫ్రికాలోని కేప్‌టౌన్, కొళాయిలు కట్టేసే రోజుకు ‘డే జీరో’ అని పేరు పెట్టి తేదీ చెప్పింది. ఫిబ్రవరి నుంచి మనిషికి రోజుకు 50 లీటర్ల పరిమితి. ఆ రోజు వస్తే సుమారు 200 చోట్ల క్యూ కట్టి మనిషికి 25 లీటర్లు తెచ్చుకోవాలి. జనం స్నానం నీళ్లు పట్టి టాయిలెట్లో పోశారు, కార్లు కడగడం మానేశారు, తేదీ వాయిదా పడుతూ పోయి చివరికి వానలొచ్చాయి. 2019 వేసవిలో చెన్నైకి నీళ్లిచ్చే నాలుగు చెరువులూ అడుగంటి, జోలార్‌పేట నుంచి రైలు వ్యాగన్లలో నీళ్లు తెచ్చారు. ఈ రెండు నగరాల నుంచీ జనం పెద్దఎత్తున తరలిపోలేదు. నగరంలో పనుంటే మనిషి క్యూలోనైనా నిలబడతాడు.

నీళ్లూ బతుకుదెరువూ ఒకటే అయిన చోట పరిస్థితి వేరు. 1930లలో అమెరికా మధ్య మైదానాల్లో కరువు, దుమ్ము తుఫానుల దెబ్బకు సుమారు 25 లక్షల మంది కదిలారు, వాళ్లు ఎక్కువగా వ్యవసాయం మీద బతికేవాళ్లు. పత్తి పొలాలకు నదులు మళ్లించడంతో 1960ల నుంచి ఎండిపోతూ వచ్చిన మధ్య ఆసియాలోని ఆరల్ సముద్రం ఒడ్డున మొయ్‌నాక్ అనే చేపల రేవుండేది. ఇప్పుడు నీళ్లు 100 కిలోమీటర్ల పైన దూరం పోయాయి, పడవలు ఇసుకలో తుప్పు పట్టాయి, చేపల ఫ్యాక్టరీ మూతపడింది, పని చేయగలిగినవాళ్లు వెళ్లిపోయారు.

ఇంకో సంగతి. కరువొస్తే అందరికంటే పేదవాళ్లే వలస పోతారని అనుకుంటాం. ప్రపంచ బ్యాంకు 2021లో ఇచ్చిన నివేదిక దీనికి తిరకాసు చూపించింది. కరువులో కదలగలిగే అవకాశం పేద దేశాల వాళ్లకు మధ్యాదాయ దేశాల వాళ్లకంటే బాగా తక్కువ. బస్సు చార్జీకి, కొత్త ఊళ్లో మొదటి నెల అద్దెకు డబ్బుండాలి కదా. వెళ్లినవాళ్లు కనబడతారు, వెళ్లలేక ఉండిపోయినవాళ్లు లెక్కల్లోకి రారు.

ఒకే ఊళ్లో ఒక వీధికి రోజూ నీళ్లు, ఇంకో వీధికి వారానికోసారి ఎందుకు?

పైపు ఎటువైపు నుంచి వస్తుందో, నేల ఎటు ఎత్తుందో, ఎవరి మాట చెల్లుతుందో, ఈ మూడూ కలిసి. మెక్సికో సిటీకి కుట్సామాలా పథకం నీళ్లు పడమటి వైపు నుంచి వస్తాయి. పడమటి పేటలకు ముందు అందుతాయి. తూర్పు చివరన, జనం కిక్కిరిసిన ఇస్తపలాపాకు వచ్చేసరికి ఒత్తిడి పడిపోతుంది, చాలా ఇళ్లు ట్యాంకర్ల మీదే నడుస్తాయి. లైను చివరి ఇళ్ల బాధ ఎక్కడైనా ఇంతే.

నీళ్లు వదిలి, ఆపి, మళ్లీ వదిలే పద్ధతిలో ఇంకో ప్రమాదం ఉంది. పైపులో ఒత్తిడి ఉన్నంతసేపు పగుళ్లలోంచి నీళ్లు బయటికి కారతాయి. ఆపగానే పైపు ఖాళీ అయ్యి, బయటి మురుగు లోపలికి లాక్కుంటుంది. అందుకే నీళ్లొచ్చిన మొదటి కొన్ని నిమిషాలు రంగు, వాసన మారి ఉంటాయి. అవి సంపులోకి పోనివ్వకండి. పైగా అందరూ లైనుకే మోటార్లు తగిలించి లాగితే ఈ లాక్కోవడం ఇంకా పెరుగుతుంది.

సొంత బోరుంటే ఈ గొడవలన్నీ ఎందుకు?

లోతున ఉన్న భూగర్భ జలం తాతలు దాచిపెట్టిపోయిన సొమ్ము లాంటిది. వడ్డీ, అంటే ఏటా ఇంకే వాన నీరు, వాడుకుంటే తరాలు నడుస్తుంది. అసలు తింటే పక్కింటివాడు మీకంటే లోతుకు బోరు వేసిన రోజున మీది ఎండుతుంది. బోరు మీ స్థలంలో ఉన్నా, నీళ్లు మీ ప్రహరీ గోడ చూసి ఆగవు.

తోడేకొద్దీ నేల కుంగే చోట్లు కూడా ఉన్నాయి. మెక్సికో సిటీ పాత సరస్సు అడుగున ఉన్న బంకమట్టి మీద కట్టిన ఊరు. కొన్ని చోట్ల ఏడాదికి 50 సెంటీమీటర్ల దాకా దిగుతోంది. జకార్తా ఉత్తర భాగం సముద్ర మట్టం కిందికి పోతోంది. రాజధానిని బోర్నియో దీవికి మార్చాలని 2019లో ఇండోనేషియా తీసుకున్న నిర్ణయం వెనక ఇదీ ఒక కారణమే.

సముద్రం ఉందిగా, ఉప్పు తీసేసి తాగొచ్చు కదా?

తీరంలో ఉంటే తాగొచ్చు. గల్ఫ్ నగరాలు దాదాపు ఉప్పు తీసిన నీళ్ల మీదే బతుకుతున్నాయి. ఆస్ట్రేలియాలోని పెర్త్‌లో 1970ల మధ్య నుంచి వాన ఐదో వంతు దాకా తగ్గితే, డ్యాముల్లోకి వచ్చే నీళ్లు ఏకంగా 80 శాతం పడిపోయాయి, ఎందుకంటే ఎండిన నేల ముందు తన దాహం తీర్చుకుంటుంది. 2006లో ఆ నగరం సముద్రపు నీటి ప్లాంటు పెట్టుకుంది.

లెక్క ఇలా ఉంటుంది. సముద్రపు నీళ్లలో ఉప్పు తీసి వెయ్యి లీటర్ల మంచినీళ్లు చేయడానికి ఇప్పటి ప్లాంట్లలో సుమారు 3 నుంచి 4 యూనిట్ల కరెంటు. వెయ్యి లీటర్లంటే టన్ను బరువు. ఆ టన్నును కిలోమీటరు ఎత్తుకు లేపడానికి, మోటారులో నష్టాలు కలుపుకుంటే, దాదాపు అంతే కరెంటు పడుతుంది. అంటే తీరంలో ఉన్నవాడికి ఒక ఖర్చు, పీఠభూమి మీద ఉన్నవాడికి రెండు, దూరం ఖర్చు అదనం. ముందు ముందు నీళ్ల విషయంలో ఎక్కువ కంగారు పడాల్సింది తీర నగరాలు కాదనీ, సముద్రానికి దూరంగా, ఎత్తులో ఉన్న నగరాలనీ నా అభిప్రాయం.

వాడిన నీళ్లనే శుద్ధి చేసి తాగిస్తారని విన్నాం. అలాంటి ఊళ్లో ఉండొచ్చా?

నిస్సందేహంగా. నమీబియా రాజధాని విండ్‌హుక్ 1968 నుంచి తాగుతోంది. సింగపూర్ 2003లో మొదలుపెట్టింది. మలేషియాలోని జోహోర్ నుంచి నీళ్లు కొనే ఒప్పందం 2061తో ముగుస్తుందని వాళ్లకు తెలుసు, అందుకే వాన నీళ్లు, కొన్న నీళ్లు, శుద్ధి చేసిన నీళ్లు, సముద్రపు నీళ్లు అని నాలుగు దారులు పెట్టుకున్నారు. లాస్ వేగస్‌లో ఇళ్లలో సింకు, షవరు, టాయిలెట్ నుంచి పోయిన నీళ్లు శుద్ధి అయి మళ్లీ మీడ్ సరస్సుకే చేరతాయి. అక్కడ నష్టమంతా బయట తోటల్లో ఆవిరయ్యేదే, కాబట్టి పనికిరాని అలంకార పచ్చికను 2021లో చట్టం చేసి మరీ పీకించడం మొదలుపెట్టారు. ఇలాంటి ఏర్పాట్లున్న ఊరు, ఇంకా కరువే చూడని ఊరికంటే నమ్మదగినది.

మనిషికి రోజుకు ఎన్ని నీళ్లు కావాలి?

ప్రపంచ ఆరోగ్య సంస్థ లెక్కన 50 నుంచి 100 లీటర్లు. ఇళ్లు వాడేది మొత్తంలో తక్కువే, ప్రపంచంలో నదుల నుంచీ భూమి లోంచీ తోడే మంచినీళ్లలో సుమారు 70 శాతం వ్యవసాయానికి పోతుంది. అందుకే ఒక ప్రాంతానికి నీళ్లు చాలుతాయా అని చూసేటప్పుడు స్వీడన్ శాస్త్రవేత్త మాలిన్ ఫాల్కెన్‌మార్క్ పెట్టిన కొలత వాడతారు. ఏడాదికి తలకు అందే నీళ్లు 1,700 ఘనపు మీటర్ల కంటే తగ్గితే నీటి ఇబ్బంది మొదలైనట్టు, 1,000 కంటే తగ్గితే కొరత.

ఇల్లు కొనే ముందు, అద్దెకు దిగే ముందు నీళ్ల గురించి ఏం అడగాలి?

అమ్మేవాణ్ని అడిగితే ‘నీళ్లకు ఢోకా లేదు’ అంటాడు. ఎండాకాలం చివర్లో వెళ్లి పక్కింటివాళ్లను అడగండి. కుదిరితే నీళ్లొచ్చే వేళకు వెళ్లండి. కొళాయి కింద బకెట్ పెట్టి నిండడానికి ఎంతసేపు పట్టిందో చూసుకుంటే ఒత్తిడి తెలిసిపోతుంది. వాల్వు తిప్పే మనిషితో రెండు నిమిషాలు మాట్లాడితే, ఏ వీధి చివరన ఉందో, ఎవరి ఇంటికి అందవో నిజం చెప్తాడు. బోరుంటే లోతు, వేసిన సంవత్సరం, పక్క స్థలాల్లో ఎండిన బోర్లెన్ని అని అడగాలి. ట్యాంకర్ మీద నడిచే అపార్టుమెంటైతే పోయిన వేసవి నెలల బిల్లులు చూపించమనండి. చూపించడానికి నసిగితే జవాబు దొరికినట్టే.

తర్వాత పూచీ. కనెక్షన్ ఎవరి పేరు మీద ఉంది, అధికారికమా, బిల్డర్ మాట మీద నడుస్తున్నదా? రియో వెర్డెవాళ్లు అడగాల్సి ఉండి అడగని ప్రశ్న ఇదే.

నీళ్లకు టెస్టు చేయించండి. టీడీఎస్, అంటే నీళ్లలో కరిగి ఉన్న లవణాల మొత్తం, లీటరుకు 600 మిల్లీగ్రాముల లోపుంటే రుచి బాగుంటుంది, 1,000 దాటితే గొంతు దిగదు. కానీ టీడీఎస్ మీటరు అన్నీ చెప్పదు. లీటరుకు ఫ్లోరైడ్ 1.5 మిల్లీగ్రాములు, ఆర్సెనిక్ అనే విషం 0.01 మిల్లీగ్రాములు దాటకూడదని ప్రపంచ ఆరోగ్య సంస్థ చెప్తుంది, వీటికి ల్యాబ్ పరీక్షే దారి. మరిగిస్తే క్రిములు చస్తాయి, ఇవి పోవు. బంగ్లాదేశ్‌లో చెరువు నీళ్ల రోగాలు తప్పించుకోవాలని లక్షల గొట్టపు బావులు వేసుకున్నాక, 1990లలో వాటిలో ఆర్సెనిక్ బయటపడింది. చూడటానికి తేటగా, చల్లగా ఉన్న నీళ్లే. అమెరికాలోని ఫ్లింట్‌లో 2014లో నీటి వనరు మార్చినప్పుడు, పైపులు తినేయకుండా కలపాల్సిన మందు కలపక, పాత పైపుల సీసం ఇళ్లలోకి వచ్చింది. ఆ ఊరున్నది గ్రేట్ లేక్స్ మధ్యనున్న రాష్ట్రంలోనే.

రేపు జనం నీళ్లున్న ప్రాంతాలకే తిరిగి వస్తారా?

కొందరు వస్తారు, గుంపులుగా వస్తారని ఇప్పటికి ఆధారం లేదు. వచ్చినా రాకపోయినా, నీళ్లున్నవాళ్లు మాత్రం జాగ్రత్త పడుతున్నారు. గ్రేట్ లేక్స్ చుట్టూ ఉన్న 8 అమెరికా రాష్ట్రాలు 2005లో ఒప్పందం చేసుకుని, కొద్ది మినహాయింపులు తప్ప ఆ పరీవాహక ప్రాంతం దాటి నీళ్లు బయటికి పోనివ్వకుండా 2008లో చట్టం తెచ్చుకున్నాయి. మిషిగన్ సరస్సుకు 30 కిలోమీటర్ల లోపే ఉన్న వాకీషా అనే ఊరు, ఆ పరీవాహక ప్రాంతపు గీతకు అవతల పడడం వల్ల, నీళ్లు తెచ్చుకోవడానికి ఏళ్ల తరబడి అర్జీలు పెట్టుకుంది. 2016లో అనుమతి దొరికింది, వాడిన నీళ్లు శుద్ధి చేసి తిరిగి సరస్సు వైపుకే పంపాలన్న షరతు మీద. 2023లో కొళాయిల్లోకి వచ్చాయి.

అద్దెకుండేవాళ్లకు ఇదంతా అవసరమా?

కొనేవాళ్లకున్నంత అవసరం లేదు, ఏడాదికో ఇల్లు మారొచ్చు. అడ్వాన్స్ ఇచ్చే ముందు మాత్రం ట్యాంకర్ ఖర్చు ఎవరిదో అగ్రిమెంటులో రాయించుకోండి.